ఆగస్టు, ముగ్గురు డైవర్లు, మొండికేసే చెవులు: ఒక డైవింగ్ సెలవుకి చోటు కుదిరిన తీరు

ఈ కేసులో ఉన్నది ముగ్గురు. భర్త లాగ్‌బుక్‌లో వందకు పైగా డైవులున్నాయి. అడ్వాన్స్‌డ్, నైట్రాక్స్ (ఆక్సిజన్ పాలు ఎక్కువున్న గాలి) అర్హత కార్డులు రెండూ ఉన్నాయి. భార్య ఆ ఏడాదే డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తిచేశారు. కోర్సులో దిగిన డైవులు తప్ప వేరే అనుభవం లేదు. పాపకి పదకొండేళ్లు, జూనియర్ ఓపెన్ వాటర్ కార్డు చేతికొచ్చి నెల కూడా కాలేదు. సెలవు ఆగస్టు మధ్యలో పది రోజులు. స్కూలుకీ ఆఫీసుకీ కుదిరేది అప్పుడే కాబట్టి ముందుకో వెనక్కో జరిపే వీల్లేదు.

డైవింగ్ సెలవులకి చోటు, పడవ, రోజుల వరస కుదిర్చిపెట్టడం నా పని. అంతకుముందు చాలా ఏళ్లు ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చోటు ముందే అనుకుని వస్తారు. ఈయనా అంతే.

“కొమోడోలో లైవబోర్డ్ అనుకున్నామండీ. వారం పాటు పడవలోనే ఉంటాం. మంచి పడవ ఒకటి చూసిపెడితే చాలు,” అన్నారు.

ఇండోనేషియాలోని కొమోడో నాకు చాలా ఇష్టమైన చోటు. ఆగస్టులో అక్కడ వానల్లేని కాలం, వాతావరణం ప్రకారం చూస్తే ఆయన ఎంచుకున్న నెల సరైనదే. క్యాసిల్ రాక్, బతు బొలాంగ్ లాంటి చోట్ల చేపల గుంపులు చూశాక మనిషి మాటల్లో తేడా వస్తుంది. అయినా పడవ పేరు చెప్పేముందు ముగ్గురితోనూ విడివిడిగా మాట్లాడతానన్నాను. చివరికి చోటుని తేల్చింది ఆ మాటల్లో బయటపడిన ఒక్క విషయమే. ఈ కేసుని ఇంత వివరంగా రాయడం కూడా అందుకే.

ఎవరితో ఏం మాట్లాడాను

నేను అడిగేవి మామూలు ప్రశ్నలే. చివరిసారి ఎప్పుడు దిగారు, కిందికి చేరడానికి ఎంతసేపు పడుతుంది, పైకి వచ్చేసరికి సిలిండర్లో ఎంత గాలి మిగులుతుంది. వీటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇంకొకటి ఉంది: మీకు అస్సలు నచ్చని డైవ్ ఏది? బాగా నచ్చినదాని గురించి అందరూ ఒకేలా చెబుతారు. నచ్చనిదాని గురించి అడిగితే అసలు మనిషి కనిపిస్తారు.

ఆవిడ కాసేపు ఆగి చెప్పారు. “కోర్సులో రెండో డైవండీ. మూడు మీటర్ల దగ్గరే చెవిపోటు మొదలైంది. పైకి వచ్చి, మళ్లీ దిగి, మళ్లీ పైకి. మిగతావాళ్లందరూ అడుగున నాకోసం ఎదురుచూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడు నా మూలంగా వీళ్లిద్దరి సెలవూ పాడవుతుందేమోనని టెన్షన్.”

భర్తకి ఈ విషయం తెలుసు. ‘అలవాటైతే పోతుందిలే’ అనుకున్నారు. నిజమే, చాలామందికి పోతుంది. కానీ అలవాటు కావడానికి తగిన చోటు కావాలి కదా.

చెవి సంగతి కొంచెం లోతుగా చెప్పాలి, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే నిలిచాయి. నీటిపైన మన మీద ఉండే పీడనం ఒక అట్మాస్ఫియర్. 10 మీటర్లు దిగేసరికి అది రెండవుతుంది, అంటే రెట్టింపు. 10 నుంచి 20 మీటర్లకి దిగితే రెండు నుంచి మూడు, పెరిగింది సగమే. అందుకే చెవికి కష్టమంతా మొదటి కొన్ని మీటర్లలోనే. కర్ణభేరి వెనకున్న గాలి నలిగిపోతూ ఉంటుంది. ముక్కు మూసి మెల్లగా ఊదుతూనో, మింగుతూనో ఆ లోటుని నింపుకుంటూ పోవాలి. కొందరికి ఇది ఆలోచించకుండానే జరిగిపోతుంది. కొందరికి చెవినీ గొంతునీ కలిపే గొట్టాలు నిదానంగా తెరుచుకుంటాయి. ఇందులో ధైర్యానికీ పిరికితనానికీ సంబంధం లేదు. ఆవిడకి ముందుగా చెప్పింది ఈ మాటే.

ఇప్పుడు కొమోడోలో ఎలా దిగుతారో చూడండి. పసిఫిక్ నీరు ఇండోనేషియా దీవుల సందుల్లోంచి హిందూ మహాసముద్రంలోకి పారుతుంది. దానికి ఆటుపోట్లు తోడైతే దీవుల మధ్య సముద్రం నదిలా పరుగెత్తుతుంది. అక్కడ పేరున్న చోట్లు చాలావరకు నీటి మధ్యలో నిలబడ్డ రాళ్లు, గుట్టలు. పడవ రాయికి ఎగువన వదిలితే, ప్రవాహం మనల్ని దాటించేయకముందే కిందికి చేరి రాయి చాటుకి వెళ్లాలి. అందుకే బీసీడీలో (గాలి నింపుకుని తేలే జాకెట్‌లో) గాలంతా తీసేసి, దూకిన క్షణం నుంచే తలకిందులుగా దిగుతారు. దీన్ని నెగటివ్ ఎంట్రీ అంటారు. మూడు మీటర్ల దగ్గర రెండు నిమిషాలు ఆగాల్సిన మనిషికి అక్కడ ఆగే అవకాశమే లేదు. ఆగితే రాయి తప్పిపోతుంది, ఆగకపోతే చెవి దెబ్బతింటుంది. పక్కవాళ్లని ఆపుతున్నానన్న బెంగతో ఆవిడ నొప్పిని ఓర్చుకుని దిగేస్తారని నా భయం. కర్ణభేరి చిరిగే ప్రమాదం అలాంటప్పుడే ఎక్కువ. నీటి కింద చిరిగితే చల్లటి నీరు లోపలికి వెళ్లి కళ్లు గిర్రున తిరుగుతాయి, ఏది పైకో ఏది కిందికో తెలియదు.

పాప విషయంలో ఇంకో అడ్డు. పది, పదకొండేళ్ల పిల్లలకి జూనియర్ ఓపెన్ వాటర్ హద్దు 12 మీటర్లు. పక్కన తల్లో తండ్రో ప్రొఫెషనలో ఉండాలి. పన్నెండు నిండితే 18 మీటర్ల దాకా వెళ్లవచ్చు. లైవబోర్డుల్లో చాలావాటికి వయసు హద్దు ఉంటుంది, కనీసం ఇన్ని డైవులు ఉండాలన్న నియమమూ ఉంటుంది. మినహాయింపు ఇచ్చే పడవలు లేకపోలేదు. అలా మినహాయింపు ఇచ్చి తల్లినీ బిడ్డనీ ఎక్కించుకున్నా, వారంలో ఎక్కువ భాగం వాళ్లు డెక్ మీద కూర్చుని ఆయన తిరిగొచ్చేదాకా చూస్తుండాలి.

ఆయనకి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే కొమోడోకి నేనొక్కణ్నీ ఇంకోసారి వెళ్తాను. ఈసారి ముగ్గురం కలిసి దిగే చోటు చెప్పండి,” అన్నారు. ప్రశ్న ఈ రూపంలోకి రావడమే నా పనిలో సగం.

బుకింగ్ జోలికి పోకముందు ఆవిడని ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకోమన్నాను. కర్ణభేరి బాగుంది, అలర్జీ వల్ల ముక్కు తరచూ దిబ్బడవేస్తుంది, డైవింగ్‌కి అభ్యంతరం లేదు, జలుబున్న రోజు మాత్రం దిగొద్దు అన్నారు డాక్టరు. ముక్కు దిబ్బడకి మందు వేసుకుని దిగడం చాలామందికి అలవాటు. నీటి కింద ఉండగానే మందు పనితనం తగ్గిపోతే, పైకి వచ్చేటప్పుడు ఉబ్బుతున్న గాలి బయటికి పోయే దారి లేక లోపలే చిక్కుకుంటుంది. దిగేటప్పుడు చెవి మొరాయిస్తే పైకి వచ్చేయవచ్చు. పైకి వచ్చేటప్పుడు మొరాయిస్తే గాలి అయిపోయేలోగా ఎలాగైనా రావాల్సిందే. అందుకే ఆ దారి వద్దని గట్టిగా చెప్పాను.

ఆగస్టు అనగానే పోయేవి

ఉష్ణమండలం కదా, ఎప్పుడెళ్లినా ఒకటే అనుకుంటారు. నీటి వేడిలో తేడా తక్కువే ఉండొచ్చు గానీ, అక్కడ రుతువులు గాలితో మారతాయి. గాలి ఏ వైపు నుంచి వీస్తే ఆ వైపు తీరం అలలతో అదురుతుంది, దీవికి అవతలి వైపు అద్దంలా ఉంటుంది. నెల మారితే ఒకే దీవికి రెండు ముఖాలు.

థాయిలాండ్ అండమాన్ తీరంలోని సిమిలన్ దీవులు ముందే పోయాయి. ఆ జాతీయ పార్కుని ఏటా మే మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా మూసేస్తారు. ఫిలిప్పీన్స్‌లోని తుబ్బతహా యునెస్కో వారసత్వ ప్రదేశం, నడిసముద్రంలో ఉంటుంది. పడవలు వెళ్లేది మార్చి మధ్య నుంచి జూన్ మధ్య దాకానే. ఇండోనేషియాలోనే ఉన్న రాజా అంపత్ దీవుల గురించి ఆయన ఆశగా అడిగారు. కేప్ క్రి అనే ఒక్క చోట, ఒక్క డైవులో 374 రకాల చేపల్ని లెక్కపెట్టారు 2012లో జెరాల్డ్ అలెన్ అనే చేపల శాస్త్రవేత్త. అలాంటి చోటుని ఎవరు వద్దంటారు? కానీ దాని మంచి కాలం అక్టోబరు నుంచి ఏప్రిల్. ఆగస్టుకి గాలులు పెరిగి, లైవబోర్డుల్లో చాలావరకు కొమోడో వైపు తరలిపోయి ఉంటాయి. కరీబియన్‌లో జూన్ నుంచి నవంబరు దాకా హరికేన్ల కాలం, ఆగస్టు అంటే ముదిరే సమయం.

పసిఫిక్‌లోని గాలాపగోస్ దీవుల పేరు కూడా వచ్చింది. భూమధ్యరేఖ మీద ఉంది కాబట్టి వెచ్చగా ఉంటుందని ఆవిడ అనుకున్నారు. అటువైపు వచ్చే ప్రవాహాలు చల్లటి నీటిని తెస్తాయి. ఆగస్టులో మందపాటి వెట్‌సూట్ వేసుకుని, బలమైన ప్రవాహంలో రాళ్లు పట్టుకుని వేల్ షార్క్‌ల కోసం చూసే చోటు అది. కొత్తవాళ్లకి కాదు.

మిగిలినవాటి మధ్య

బొనేర్, మాల్దీవులు, బాలి మిగిలాయి. థాయిలాండ్ గల్ఫ్ వైపు ఉన్న కో తావ్ కూడా ఆగస్టులో బాగుంటుంది. కొత్తవాళ్లకి అనువైనదే గానీ కోర్సుల రద్దీ ఎక్కువ, ఆయనకి రెండు రోజుల్లో విసుగొస్తుంది.

బొనేర్‌ని సులువుగా వదులుకోలేదు. అది కరీబియన్ దీవే అయినా హరికేన్ల దారికి బాగా దక్షిణంగా ఉంటుంది. దీవి చుట్టూ సముద్రం 1979 నుంచి రక్షిత పార్కు. రోడ్డు పక్కన పేరు రాసిన పసుపు రాళ్లే డైవింగ్ చోట్లకి గుర్తు. బండి ఆపి, సామాను తగిలించుకుని, నడుచుకుంటూ నీళ్లలోకి వెళ్లడమే. ఆవిడ చెవులకి ఇంతకంటే మంచి చోటు దొరకదు. వాళ్లున్న చోటు నుంచి మాత్రం రెండు పొడవైన విమానాలు, మధ్యలో ఒక రాత్రి. రాకపోకలకే పది రోజుల్లో నాలుగు పోతాయి. పాపతో అంత ప్రయాణం చేసి, అలసటా జలుబూ వెంటబెట్టుకుని దిగితే మళ్లీ చెవుల దగ్గరికే వస్తాం.

మాల్దీవుల దగ్గర చాలాసేపు తర్జనభర్జన పడ్డాను. ఆగస్టులో అక్కడ నైరుతి రుతుపవనాలు, వాన, గాలి. నీళ్లలో ప్లాంక్టన్ (తేలాడే సూక్ష్మజీవులు) పెరిగి దూరం సరిగా కనిపించదు, కానీ ఆ ప్లాంక్టన్ కోసమే మాంటాలనే పెద్ద తిరండి చేపలు వస్తాయి. బా అటోల్ (ఉంగరంలా ఉండే పగడపు దీవుల వరస) లోని హనిఫారు అఖాతంలో ఈ నెలల్లో అవి గుంపులు గుంపులుగా చేరతాయి. అక్కడ 2012 నుంచి స్కూబా (సిలిండరుతో దిగడం) నిషేధం, స్నార్కెల్‌తో (నీటిపైనే తేలుతూ ఊపిరి తీసుకునే గొట్టంతో) మాత్రమే చూడాలి. పాపకీ అమ్మకీ అదే వరం. ముగ్గురూ పక్కపక్కనే తేలుతూ చూడవచ్చు, చెవుల గొడవే లేదు. మరి ఎందుకు వద్దన్నాను? అక్కడ ఆయన స్థాయికి తగిన డైవులు అటోల్ అంచుల్లోని కాలువల్లో ఉంటాయి, ప్రవాహం గట్టిగా ఉంటుంది. పొద్దున్నే ఆయన ఒక పడవ, వీళ్లిద్దరూ ఇంకో పడవ. దగ్గరి పగడపు దిబ్బలు వీళ్లకి చక్కగా సరిపోయినా, మూడు కార్డులకీ ఒకేసారి పనికొచ్చే చోటు రోజూ దొరకదు.

ఇక్కడే ఇంకో మాట. ఏ చోటు ఎంచుకున్నా పగడాల పరిస్థితి ఇప్పుడు ఎలా ఉందో చూడకుండా డబ్బు కట్టించను. 2024 ఏప్రిల్‌లో అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా, అంతర్జాతీయ పగడపు దిబ్బల కూటమితో కలిసి, ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడటం నాలుగోసారి మొదలైందని ప్రకటించింది. నోవా వాళ్ల కోరల్ రీఫ్ వాచ్ పటాల్లో ప్రతి ప్రాంతానికీ పోగుపడిన వేడిని లెక్కగట్టి చూపిస్తారు. కొలత ‘డిగ్రీ వారాలు’. 4 దాటితే పగడాలు చెప్పుకోదగ్గంతగా తెల్లబడతాయి, 8 దాటితే చావులు మొదలవుతాయి. పది సంవత్సరాల కిందటి ఫొటోలు చూసి వెళ్లి, తెల్లటి ఎముకల గుట్టల మీద ఈది వచ్చినవాళ్ల బాధ నాకు తెలుసు. అందుకే ఆ పటం చూడమని, ఆ నెలలో అక్కడే ఉన్న గైడ్‌ని ఇవాళ్టి ఫొటో పంపమని అడగమని అందరికీ చెబుతాను. సముద్రం మీద ప్రేమ ఉన్నవాళ్లు ఈ పని తప్పక చేయాలి.

బాలి ఈశాన్య తీరంలోని తులంబెన్ దగ్గర లెక్క కుదిరింది. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడో తగిలి దెబ్బతిన్న అమెరికా సరుకుల ఓడ లిబర్టీని అక్కడి ఒడ్డుకి లాక్కొచ్చి వదిలేశారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు అది ఒడ్డు నుంచి జారి నీళ్లలోకి వెళ్లింది. దాదాపు 120 మీటర్ల పొడవున్న ఓడ, ఏటవాలు అడుగు మీద పక్కకి ఒరిగి ఉంటుంది. పైభాగం 5 మీటర్లకి కాస్త అటూ ఇటూ, కింది అంచు దాదాపు 30 మీటర్లు. ఒడ్డు నుంచి కొన్ని పదుల మీటర్ల దూరమే.

ఈ ఏటవాలే నాకు కావలసింది. ఒడ్డు నుంచి నడుచుకుంటూ వెళ్లి, అడుగు వెంటే ఒక్కో అడుగూ లోతుకి జారవచ్చు. చెవి పట్టేస్తే అరమీటరు పైకి పాకి ఆగవచ్చు. తొందరపెట్టే ప్రవాహం మామూలుగా ఉండదు, పైన తిరుగుతూ ఎదురుచూసే పడవ ఉండదు. అదే ఓడ మీద పాప 10 మీటర్ల దగ్గర గైడ్‌తో, అమ్మ 14 దగ్గర, నాన్న తన జోడీతో 25 దగ్గర. ఒకే చోటు నుంచి లోపలికి, అదే చోటు నుంచి బయటికి, ఒడ్డున ముగ్గురి కబుర్లూ ఒకే ఓడ గురించి. ఆగస్టు అక్కడ వానల్లేని కాలం కూడా.

“పెద్ద చేపలుండవేమో కదండీ?” అన్నారాయన. తెల్లవారుజామున దిగితే ఓడ దగ్గర నిద్రలేస్తున్న బంప్‌హెడ్ చిలుకచేపలు కనిపిస్తాయని, అవి మీటరు దాటి పెరుగుతాయని చెప్పాను. దానికి తోడు నుసా పెనిడా ఉండనే ఉంది.

రోజుల వరస

పెనిడా బాలికి ఆగ్నేయంగా, లంబోక్ జలసంధి పక్కన ఉన్న దీవి. జూలై నుంచి అక్టోబరు దాకా ఆగ్నేయ గాలులు పైనున్న వెచ్చటి నీటిని తీరం నుంచి నెట్టేస్తే, అడుగునున్న చల్లటి నీరు పైకి వస్తుంది. దాని వెంటే డైవర్లు మోలా మోలా అని పిలిచే పెద్ద సన్‌ఫిష్ వస్తుంది. ఒక్కోసారి నీళ్లు 20 డిగ్రీల కంటే కిందికి పడిపోతాయి. పైనుంచి కిందికి లాగేసే ప్రవాహాలూ ఉంటాయి. అది ఆయనకి మాత్రమే తగిన చోటు.

తేదీ ఎంచడానికి చంద్రుణ్ని చూశాం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పాటుల తేడా ఎక్కువ, నీటి పరుగూ ఎక్కువ. అష్టమి దరిదాపుల్లో ఆ తేడా తగ్గుతుంది. ఆ పది రోజుల్లో అష్టమి ఏడో రోజున పడింది. పెనిడాకి ఆ రోజే పెట్టాను. ప్రవాహమున్న ఏ చోటికి వెళ్లేవాళ్లైనా విమానం టికెట్‌కి ముందు క్యాలెండర్‌లో తిథి చూడటం మంచిది.

అలా మొదటి భాగమంతా తులంబెన్, పక్కనే ఉన్న అమెడ్. అక్కడ లోతు తక్కువలో ఉన్న చిన్న జపాన్ ఓడ పాప కార్డుకి సరిపోతుంది. తర్వాత పడాంగ్ బాయ్‌కి మారడం. ఆయన అక్కడి నుంచి పెనిడాకి పడవెక్కితే, వీళ్లిద్దరూ బ్లూ లగూన్ అనే ఇసుక అడుగున్న చిన్న అఖాతంలో దిగుతారు.

చివరి రోజు గురించి చిన్న పేచీ వచ్చింది. పొద్దున్న ఇంకొక్క డైవ్ చేసి రాత్రి విమానం ఎక్కేస్తానని ఆయన పట్టుబట్టారు. వరసగా రోజూ దిగినవాళ్లు చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలని డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ చెబుతుంది. నేను ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉంచుతాను. చాలామంది మరిచిపోయేది కొండదారి. ఎత్తుకి పోతే పీడనం తగ్గి, డైవుల్లో ఒళ్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టవచ్చు. దానికి విమానమైనా కొండైనా ఒకటే. తులంబెన్ నుంచి దక్షిణానికి వచ్చేటప్పుడు డ్రైవర్లు చూడటానికి బాగుంటుందని కింతమణి మీదుగా తీసుకెళ్తామంటారు, అది దాదాపు 1500 మీటర్ల ఎత్తు. డైవ్ చేసిన రోజు తీరం దారే పట్టమని రాసిచ్చాను. కొండ చూడాలనుకుంటే వచ్చిన మొదటి రోజే చూసేయమన్నాను.

డైవ్ సెంటర్‌ని అడిగినవి రాస్తే పెద్ద జాబితా అవుతుంది. ముఖ్యమైనవి చెబుతాను. పాపకి విడిగా ఒక గైడ్ ఉండాలి, తల్లిదండ్రుల లెక్కలో కలపకూడదు. చిన్న సిలిండరు, ఆమె కొలతకి సరిపోయే 5 మిల్లీమీటర్ల వెట్‌సూట్ ఉండాలి. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది, పిల్లలు పెద్దలకంటే ముందే వణుకుతారు. ఒడ్డునే ఆక్సిజన్ సిలిండరు, వాడటం తెలిసిన మనిషి ఉండాలి. ఆ బుడగలకి ఎక్కువ పీడనంలో చికిత్స చేసే హైపర్‌బారిక్ ఛాంబర్ డెన్‌పసార్‌లో ఉంది, తులంబెన్ నుంచి రెండున్నర మూడు గంటల దారి. ఇన్సూరెన్సులో ఆయన వెళ్లే లోతు దాకా వర్తిస్తుందో లేదో అక్షరం అక్షరం చదివించాను. మామూలు ట్రావెల్ పాలసీల్లో లోతు హద్దు ఏ మూలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఒక సెంటరు ఆక్సిజన్ గురించి అడిగితే జవాబు దాటవేసింది. అక్కడితో దాన్ని వదిలేశాం.

నీళ్లలో ఏం జరిగింది

తిరిగొచ్చాక ముగ్గురి డైవ్ కంప్యూటర్లలోని (లోతునీ సమయాన్నీ నమోదు చేసేవి) గ్రాఫులు తెప్పించుకుని చూశాను. ఆవిడ మొదటి డైవ్ గ్రాఫ్ ఎడమ అంచు మెట్లు మెట్లుగా ఉంది. 2 మీటర్లు, ఆగారు. 2.6, మళ్లీ 2.2కి వెనక్కి. 3.1, ఆగారు. మొదటి 5 మీటర్లు చేరడానికి ఆరు నిమిషాలు పట్టింది. 5 దాటాక గీత నున్నగా 13 దాకా జారిపోయింది. పీడనం లెక్క ఏం చెబుతుందో సరిగ్గా అదే. నాలుగో డైవుకి ఆ మెట్లు రెండే మిగిలాయి.

“ఆ ఆరు నిమిషాలూ ఎవరూ నన్ను తొందరపెట్టలేదండీ,” అన్నారావిడ ఫోన్లో. “నేను ఆగిన చోట ఇసుకలోంచి సన్నటి పాముల్లాంటివి లేచి ఊగుతున్నాయి. పాప నా చెయ్యి పట్టుకుని చూపిస్తోంది. చెవి సంగతే మరిచిపోయాను.” అవి గార్డెన్ ఈల్స్. అడుగు భాగం ఇసుకలో ఉంచి, పై భాగం నీళ్లలో ఊపుతూ వచ్చే తిండిని ఏరుకుంటాయి. దగ్గరికి వెళ్తే ఒక్కసారిగా మాయమవుతాయి. కదలకుండా ఉన్నవాళ్లకే కనిపిస్తాయి.

ఇబ్బందులూ వచ్చాయి. తులంబెన్ ఒడ్డంతా గుండ్రటి నల్లరాళ్లు. అల తగిలితే కాళ్ల కింద దొర్లుతాయి, వీపు మీద సిలిండరుతో నిలబడటం కష్టం. మందపాటి అట్ట ఉన్న బూట్లు తీసుకెళ్లమని ముందే చెప్పాను కాబట్టి పాదాలు దక్కాయి. అయినా రెండో రోజు అలలు పెద్దవై, పాపని గైడ్ దాదాపు ఎత్తుకుని బయటికి తేవాల్సి వచ్చింది. తొమ్మిది దాటాక దక్షిణం నుంచి డైవర్లు బండ్లలో దిగిపోతారు, ఓడ దగ్గర సంతలా ఉంటుంది. వీళ్లు తెల్లవారకముందే దిగి ఎనిమిదికల్లా బయటికి వచ్చేవారు. బంప్‌హెడ్‌లు కనిపించాయి.

మూడో రోజు ఆవిడకి ముక్కు దిబ్బడ వేసింది. డైవ్ మానేశారు. అలాంటి రోజుకి ఏం చేయాలో ముందే మాట్లాడుకుని ఉన్నాం కాబట్టి దాని మీద ఇంట్లో చర్చే జరగలేదు. మాస్కూ స్నార్కెలూ పెట్టుకుని ఓడ పైభాగం మీద తేలుతూ, కింద కూతురు వదులుతున్న బుడగల మధ్య ఈదారు. ఒకరు దిగలేని రోజున కూడా అదే నీళ్లలో ఉండగలగడం ఈ చోటుని ఎంచినందుకు దక్కిన పెద్ద లాభమని నా అభిప్రాయం.

పెనిడాలో ఆయనకి మోలా కనిపించలేదు. క్రిస్టల్ బేలో 20 మీటర్ల దగ్గర నీరు ఒక్కసారిగా చల్లబడి, బుడగలు పైకి పోకుండా పక్కకి, తర్వాత కిందికి తిరగడం గైడ్ గమనించాడు. వెంటనే గోడ పక్కకి జరిపి అందర్నీ వెనక్కి తిప్పాడు. అష్టమి నాడు కూడా ఇలా జరగవచ్చు. చంద్రుడు ప్రమాదాన్ని తగ్గిస్తాడు, తీసేయడు. మధ్యాహ్నం దక్షిణపు తీరంలో మాంటా పాయింట్‌కి వెళ్లారు. హిందూ మహాసముద్రపు అలల మీద పడవ ఊగి ఇద్దరు వాంతులు చేసుకున్నారట. కింద మాత్రం మాంటాలు రాళ్ల మీద చిన్న చేపలతో ఒళ్లు శుభ్రం చేయించుకుంటూ తలల మీదుగా తిరిగాయి. ఆయనకి ఆ డైవ్ ఎంత నచ్చిందో, దాని గురించి చెప్పిన వాక్యాలు పూర్తికాకపోవడంలోనే తెలిసింది.

ఆ పూట పాప అమ్మతో బ్లూ లగూన్‌లో ఉంది. కార్డు ఇచ్చిన 12 మీటర్లలో పదకొండున్నర దాకా వెళ్లింది.

ఆ తర్వాత

ఇప్పుడు వీళ్లు ఫిబ్రవరి అడుగుతున్నారు. క్యాలెండర్ తిరగబడుతుంది. సిమిలన్ తెరిచి ఉంటుంది, రాజా అంపత్‌లో నీళ్లు నెమ్మదిస్తాయి, మాల్దీవుల్లో ఈశాన్య గాలుల పొడి కాలం. బాలికి అది వానాకాలం. అప్పటికి పాపకి పన్నెండు నిండుతుంది, హద్దు 18 మీటర్లకి పెరుగుతుంది. ఆవిడని మాత్రం చోటు మాట ఎత్తకముందు దగ్గర్లో ఉన్న ఏదైనా నీళ్లలో కొన్ని డైవులు దిగి గ్రాఫులు పంపమన్నాను. మెట్లు పోయుంటే పడవ మీద నుంచి దిగే చోట్లు కూడా చూస్తాం. పోకపోయినా ఏమీ కాదు, ఒడ్డు నుంచి దిగే మంచి చోట్లు ఫిబ్రవరిలోనూ ఉన్నాయి.

ఆయన విడిగా కొమోడో లైవబోర్డ్ బుక్ చేసుకుంటున్నారు. పడవని అడగమని రెండు ప్రశ్నలు ఇచ్చాను: రాత్రంతా మేల్కొని తిరిగే కాపలా మనిషి ఉన్నాడా, పడుకునే గదుల నుంచి బయటికి రెండో దారి ఉందా. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో కన్సెప్షన్ అనే డైవ్ పడవ రాత్రివేళ కాలిపోయి, కింద నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. రాత్రి గస్తీ లేదని దర్యాప్తులో తేలింది. ఎక్కాక ఆ రెండో దారిలోంచి ఒకసారి తానే బయటికి వచ్చి చూసుకోమని, ఫోన్లూ లైట్లూ పడుకునే గదిలో ఛార్జింగ్ పెట్టొద్దని చెప్పాను. ఆయన ఎంచుకున్న మూడు పడవల్లో రెండు జవాబిచ్చాయి, మూడోదాని జవాబు కోసం చూస్తున్నాం.